ఆటగాని ఆయుర్దాయం

‘ఆట’ అనే మాటకు తెలుగులో అర్థాలు చాలా ఉన్నాయి. పిల్లలు వీధిలో ఆడేది ఆట. రంగస్థలం మీద నటులు ఆడేదీ ఆటే. సినిమాకు మొదటి ఆట, రెండవ ఆట ఉన్నాయి. కౌరవసభలో ధర్మరాజు ఆడిందీ ఆటే. ఆ ఒక్క ఆటతో రాజ్యం పోయింది, తమ్ములు దాసులయ్యారు, ధర్మపత్ని నిండుసభలో పరాభవం పాలయింది. అందుకేనేమో మన పెద్దలకు ఆట అంటే ఒక పక్క ముచ్చట, మరొక పక్క భయం. “ఆటల్లో పడి చెడిపోతావు” అని బిడ్డను మందలించని ఇల్లు మన సీమలో అరుదు. అదే ఇంట్లో తాత అరుగు మీద కూర్చుని మనుమడికి పులిజూదంలో మెలకువలు నేర్పుతుంటాడు.

కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో గుడి అరుగుల మీద, రచ్చకట్ట బండల మీద ఈ పులిజూదం గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక పక్షాన మూడు పులులు, రెండవ పక్షాన పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దానిని చంపాలి. మేకలన్నీ కూడబలుక్కుని పులిని కదలనీయకుండా కట్టివేయాలి. పేరులో జూదం ఉన్నా పందెం లేని ఆట ఇది. గెలిచినవాడికి దక్కేది చుట్టూ చేరినవారి మెప్పు, ఓడినవాడికి మిగిలేది మరునాటి పట్టుదల. ఎండకు నేల బీటలు వారి, చేలో పనిలేని వేసవి పగళ్ళను మా తాతల తరం ఈ గీతల మీదే వెళ్ళబుచ్చింది. అయితే పులిజూదం ఆడి బ్రతికినవాడిని గురించి ఎవరూ వినలేదు. ఆట బ్రతుకులో ఒక భాగమే గాని బ్రతుకుతెరువు కాదని ఆ తరం నమ్మింది.

నేడు అరుగుల మీద జనం పలచబడ్డారు. ఆట సెల్‌ఫోను తెర మీదికి, కంప్యూటరు తెర మీదికి చేరింది. ఆ తెర మీద ఆడే ఆటలలో నియమబద్ధమైన పోటీలుగా, జట్లుగా, ప్రేక్షకుల ఎదుట సాగేవాటిని ‘ఈ-స్పోర్ట్స్’ అంటున్నారు. వీటికి పుట్టినిల్లు అనదగిన దేశం దక్షిణ కొరియా. 1997లో ఆసియా దేశాలను కుదిపివేసిన ఆర్థిక సంక్షోభం తరువాత ఆ దేశం వేగవంతమైన అంతర్జాలాన్ని ఊరూరా విస్తరించింది. వీధి వీధినా వెలసిన కంప్యూటర్ కేంద్రాలలో యువకులు ‘స్టార్‌క్రాఫ్ట్’ వంటి ఆటలు ఆడసాగారు. 2000 సంవత్సరం నాటికే అక్కడ ఈ పోటీలకు ఒక సంఘం, టీవీ ప్రసారాలు, జీతం తీసుకునే ఆటగాళ్ళు ఏర్పడ్డారు. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన క్రీడగా చేర్చగా, ‘హార్త్‌స్టోన్’ అనే ఆటలో భారతీయుడు తీర్థ్ మెహతా కాంస్యం సాధించాడు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఇవి పతకాల క్రీడలయ్యాయి. అంతకు కొద్ది నెలల ముందు, 2022 డిసెంబరులో, భారత ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడోత్సవాలలో భాగంగా గుర్తించి కేంద్ర క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది.

ఈ వివరాలన్నీ నేను కూర్చుకోవడానికి కారణం మా అన్న కొడుకు. మా అన్నది పత్తికొండ ప్రాంతంలో ఎర్రనేల సేద్యం. వానను నమ్ముకుని వేరుశనగ వేస్తాడు. వాని కొడుకు కర్నూలులో ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. నలుగురు మిత్రులతో కలిసి ఒక జట్టు కట్టి ‘బీజీఎంఐ’ అనే సెల్‌ఫోను ఆటలో పోటీలకు దిగుతున్నాడు. చదువు మానివేసి పూర్తిగా దానికే అంకితమవుతానని ఇంట్లో చెప్పాడు. ఆ రాత్రే మా అన్న కడపకు, నాకు ఫోను చేశాడు.

“నువ్వు పిల్లోళ్ళకు పాఠాలు చెప్పేటోనివి. వానికీ రెండు మాటలు చెప్పురా. నా మాట వాని చెవికెక్కడం లేదు” అన్నాడు.

పండుగకు ఊరికి వెళ్ళినప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. వాడు తల వంచుకోలేదు, ఎదురు తిరగనూ లేదు. నెమ్మదిగా అన్నాడు:

“నేను ఆడుకుంటాండానని అందరూ అనుకుంటాండారు చిన్నాయనా. ఆడుకునేది వేరే, ఆడేది వేరే.”

తెలుగు చెప్పుకుని బ్రతికే నన్ను ఆ మాట ఆపివేసింది. క్రియకు ‘కొను’ చేరితే ఆ పని ఫలం చేసేవానికే చెందుతుందని మనం వ్యాకరణంలో చదువుతాం. వండడం వేరు, వండుకోవడం వేరు. చదవడం వేరు, చదువుకోవడం వేరు. ఆడుకునేవాడు తన సంతోషం కోసం ఆడతాడు, విసుగు పుడితే లేచిపోతాడు. ఆడేవాడికి ఆ స్వేచ్ఛ లేదు. జట్టు చూస్తుంది, జీతమిచ్చే సంస్థ చూస్తుంది, తెరకు ఆవల వేలాదిమంది చూస్తుంటారు. ఒంట్లో బాగున్నా, బాగులేకపోయినా ఆడాలి. మా వాడు పదిహేడేళ్ళకే ఆ తేడాను గుర్తించాడు. అయితే ఆ వెంటనే మరొక ప్రశ్న పుడుతుంది. ఆడుకోవడానికి వయస్సు అడ్డు రాదు, తాతలు కూడా ఆడుకుంటారు. ఆడడానికి మాత్రం ఒక ఆయుర్దాయం ఉంది. అది ఎంత?

రైతుకు ఒళ్ళు సహకరించినంత కాలం సేద్యం ఉంటుంది. ఉపాధ్యాయునికి అరవై ఏళ్ళు దాటేదాకా కొలువు ఉంటుంది. క్రికెట్ ఆటగాడు ముప్పై అయిదు, నలభై వరకు నిలబడతాడు. తెర మీది ఆటలలో ఇరవై అయిదేళ్ళవాణ్ణే పాతకాపు అంటారు. చూపు పడగానే వ్రేలు కదలాలి. రెప్పపాటులో సగం ఆలస్యమైనా ఆట చేజారుతుంది. అందుకే ఈ రంగంలో పదేళ్ళు నిలిచినవాణ్ణి వేళ్ళ మీద లెక్కించవలసి వస్తుంది.

అలాంటివారిలో అగ్రగణ్యుడు కొరియా దేశీయుడు లీ సాంగ్ హ్యోక్. ఆటలోకంలో అతనిని ‘ఫేకర్’ అంటారు. 1996 మే 7న పుట్టాడు. తండ్రి, నాయనమ్మ అతనిని పెంచారు. ఉన్నత పాఠశాల చదువును మధ్యలో విడిచి 2013లో ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ అనే ఆటలో వృత్తి ఆటగాడయ్యాడు. ఆ ఏడే అతని జట్టు ప్రపంచ విజేత అయింది. 2015లో, 2016లో మళ్ళీ గెలిచింది. 2017లో అంతిమపోటీలో ఓడినప్పుడు అతడు వేదిక మీదనే కన్నీరు పెట్టుకున్నాడు. ఆ తరువాత ఆరేళ్ళ కాలం ప్రపంచ విజయం అతనికి అందలేదు. 2022లో చివరి మెట్టు దాకా వచ్చి మళ్ళీ ఓడాడు. తోడుగా ఆడినవారు చాలామంది ఆట మానివేశారు. అతడు నిలిచాడు. 2023లో సియోల్‌లో, 2024లో లండన్‌లో, 2025లో చైనాలోని చెంగ్డూలో అతని జట్టు వరుసగా మూడుసార్లు ప్రపంచ విజేత అయింది. లండన్ అంతిమపోటీలో ఉత్తమ ఆటగాడు అతడే. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు.

ఇది ఎలా సాధ్యమైంది? ఆ ఆట తీరును కొంత తెలుసుకుంటేనే సమాధానం దొరుకుతుంది. జట్టుకు ఐదుగురు. ఒక్కొక్కరు నూట అరవైకి పైగా ఉన్న పాత్రలలో ఒకదానిని ఎన్నుకుంటారు. ఎదుటి జట్టు కోటను కూల్చడం లక్ష్యం. రణరంగంలో తమవారు ఉన్నమేరకే తెర వెలుగుతుంది, మిగిలినది చీకటి. ఆ చీకటిలో శత్రువు ఎక్కడ పొంచి ఉన్నాడో ఊహించాలి. తొలినాళ్ళలో ఫేకర్ కీర్తి అంతా అతని చేతి వేగం వల్ల వచ్చింది. ఒంటరిగా ఎదుటివానిని పడగొట్టేవాడు. వయస్సు పెరిగేకొద్దీ అతడు జట్టును నడిపే పెద్దగా మారాడు. ఎప్పుడు ముందుకు దూకాలి, ఎప్పుడు తగ్గాలి, చీకట్లో ఏముంది అనే నిర్ణయాలలో అతని బలం కనిపించింది. చేయి కొంత నెమ్మదించినా చూపు దూరమైంది. పులిజూదంలో కుర్రవాడు మేకలను గబగబా పెడుతుంటే, తాత ఒక్క మేకను పెట్టి పులిని బంధించడం మనం చూడనిది కాదు.

మరొక కష్టం ఉంది. ఆ ఆట నియమాలను దానిని తయారుచేసిన సంస్థ దాదాపు రెండు వారాలకొకసారి సవరిస్తుంది. నిన్న బలంగా ఉన్న పాత్ర నేడు బలహీనమవుతుంది. ఏళ్ళ తరబడి సాధించిన నేర్పు ఒక్క సవరణతో పనికిరాకుండా పోవచ్చు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మా అన్న గుర్తుకు వచ్చాడు. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడే నేలలు మావి. ఆ కొద్ది వాన కూడా ఏ ఏటికాయేడు కొత్త లెక్కతో వస్తుంది. ఒక ఏడు జూన్‌లోనే కురిసి ఆగస్టులో ముఖం చాటేస్తుంది. మరొక ఏడు విత్తే అదను దాటాక కుంభవృష్టి కురుస్తుంది. నిరుటి అనుభవం ఈ ఏడు సగమే పనికి వస్తుంది. అయినా మెట్టరైతు ప్రతి తొలకరికీ ఆకాశం వంక చూసి మళ్ళీ మొదటినుంచి ఆలోచిస్తాడు. మారిన నియమాలను తిట్టుకుంటూ కూర్చోకుండా, వాటి మధ్య చేయగలిగినదేమిటో వెదకడం అతని విద్య. దీర్ఘకాలం నిలిచిన ఆటగాని విద్య కూడా అదేనని నాకు తోచింది.

శరీరం సంగతి వేరు. తెర ముందు కూర్చుని ఆడే ఆటకు ఒళ్ళు అలవదని మనం అనుకుంటాం. కొరియా జట్లలో రోజుకు పది గంటలకు పైగా సాధన చేయడం మామూలు. మణికట్టు, మెడ, వెన్ను, కళ్ళు ముందుగా మొరపెడతాయి. 2023 వేసవిలో ఫేకర్ కుడిచేతి నొప్పితో కొన్ని వారాలు ఆటకు దూరమయ్యాడు. అతడు లేని జట్టు దాదాపు ప్రతి పోటీలోనూ ఓడిపోయింది. అతడు తిరిగి వచ్చాక ఆ ఏడే ప్రపంచ విజేత అయింది. విశ్రాంతి కూడా వృత్తిలో భాగమేనని ఆ ఒక్క వేసవి తెలియజేస్తుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఆట యాజమాన్యంలో ఉంది. కబడ్డీకి యజమాని లేడు. గీత గీసుకోవడానికి జానెడు నేల ఉంటే చాలు. తెర మీది ఆటకు ఒక సంస్థ యజమాని. అది ఆపివేస్తే ఆట ఆగిపోతుంది, ప్రభుత్వం వద్దంటే మాయమవుతుంది. మన దేశంలో అది జరిగింది కూడా. 2020 సెప్టెంబరులో ‘పబ్‌జీ మొబైల్’ను కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. దాని స్థానంలో 2021 జులైలో వచ్చిన బీజీఎంఐని 2022 జులైలో తొలగించారు. 2023 మేలో మళ్ళీ అనుమతించారు. ఆ పది నెలలు దాని మీదనే బ్రతికిన ఆటగాళ్ళ పరిస్థితి, కాలువకు నీళ్ళు వదలని ఏటి ఆయకట్టు రైతు పరిస్థితి ఒక్కటే. నేర్పు చేతిలోనే ఉంది, నేల మాత్రం చేతిలో లేదు.

మరి యజమాని లేని ఆట, తెర మీదికి కూడా వచ్చిన ఆట ఏదైనా ఉందా? ఉంది. అది చదరంగం. ఆ ఆటలో దీర్ఘాయుష్షు గల క్రీడాకారిణిని చూడడానికి మనం కొరియా దాకా పోనక్కరలేదు. కోనేరు హంపి 1987 మార్చి 31న కృష్ణా జిల్లా గుడివాడలో జన్మించారు. తండ్రి అశోక్ తన అధ్యాపక వృత్తిని వదలి కుమార్తెకు శిక్షకుడయ్యారు. 1997లో పదేళ్ళ లోపు బాలికల ప్రపంచ విజేతగా నిలిచిన ఆమె, 2002లో పదిహేనేళ్ళ ఒక నెల వయస్సులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అప్పటికి ప్రపంచంలో ఏ స్త్రీ కూడా అంత చిన్న వయస్సులో ఆ హోదా పొందలేదు. 2006 దోహా ఆసియా క్రీడలలో రెండు స్వర్ణాలు గెలిచారు. 2007లో 2600 రేటింగు దాటిన రెండవ మహిళగా చరిత్రకెక్కారు. 2011లో ప్రపంచ మహిళా కిరీటం కోసం చైనాకు చెందిన హౌ ఇఫాన్‌తో తలపడి ఓడారు.

సాధారణంగా ఇటువంటి కథ ఇక్కడితో ముగుస్తుంది. 2017లో ఆమెకు కుమార్తె పుట్టింది. దాదాపు రెండేళ్ళు ఆమె ఆటకు దూరంగా ఉన్నారు. ముప్పై దాటిన తల్లి తిరిగి వచ్చి, రోజుకు గంటల తరబడి కంప్యూటరుతో సాధన చేసే పదహారేళ్ళ పిల్లలతో పోటీపడడం తేలిక కాదు. ఆమె 2018లో తిరిగి వచ్చారు. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ విజేత అయ్యారు. ర్యాపిడ్ అంటే త్వరితగతి చదరంగం. ఆలోచించడానికి గంటలు ఉండవు, కొద్ది నిమిషాలే. కుర్రవారిదని అందరూ అనుకునే ఆ పద్ధతిలోనే ఆమె గెలిచారు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే పోటీలో తొలి రౌండులోనే ఓడారు. కుంగిపోలేదు. పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు సాధించి రెండవసారి ప్రపంచ విజేతగా నిలిచారు. తొలి ఆటలో ఓడినవాడు కోపంతో రెండవదీ పోగొట్టుకోవడం లోకసహజం. ఆ ఓటమిని అక్కడే వదలి వచ్చేందుకు కావలసిన నిబ్బరం అనుభవం వల్లనే అబ్బుతుంది.

తెర మీది చదరంగంలో కూడా ఆమె పేరు నిలిచింది. 2020లో కరోనా కారణంగా ప్రపంచమంతా ఇళ్ళకు పరిమితమైనప్పుడు చదరంగ ఒలింపియాడ్‌ను తొలిసారిగా అంతర్జాలంలో నిర్వహించారు. సెమీఫైనల్లో పోలండ్‌తో సరిసమానమైనప్పుడు నిర్ణాయకమైన ఆఖరి ఆట హంపి ఆడి గెలిచి భారత్‌ను ఫైనల్‌కు చేర్చారు. రష్యాతో జరిగిన ఫైనల్లో అంతర్జాల సంబంధం తెగిపోయి భారత క్రీడాకారులు ఇద్దరు సమయం మించి ఓడవలసి వచ్చింది. చివరకు రెండు దేశాలనూ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. ఉరుము ఉరిమితే కరెంటు పోయే మన పల్లెలలోని పిల్లవానికి ఈ సంఘటన వెంటనే అర్థమవుతుంది.

2025లో మరొక మలుపు వచ్చింది. సౌదీ అరేబియాలోని రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్పులో చదరంగాన్ని మొదటిసారిగా చేర్చారు. పదిహేను లక్షల డాలర్ల బహుమతి నిధి. ఆటగాళ్ళు ఎదురెదురుగా కూర్చున్నా పావులు కదిలింది కంప్యూటరు తెర మీదనే. నార్వేకు చెందిన మాగ్నస్ కార్ల్‌సన్ గెలిచాడు. వరంగల్లుకు చెందిన ఎరిగైసి అర్జున్ కొరియాకు చెందిన ఒక ఈ-స్పోర్ట్స్ సంస్థ తరఫున ఆడి నాలుగవ స్థానంలో నిలిచాడు. ఈ విధంగా తాతల నాటి ఆట, మనుమల నాటి ఆట ఒకే పందిరి కిందికి చేరాయి.

ఇవన్నీ చెబితే మా వాడు ఉత్సాహంతో ఉప్పొంగాడు. అయితే గెలిచినవారి కథలు మాత్రమే చెప్పి ఊరుకోవడం పెద్దరికం కాదు. మా ఊరికి దగ్గరలోనే తుగ్గలి, జొన్నగిరి ఉన్నాయి. తొలకరి జల్లు పడగానే అక్కడి ఎర్రచేలల్లో వజ్రాలు వెదకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కూలి మానుకుని, నడుములు వంచి, మట్టిలోకి చూస్తూ దినాలు గడుపుతారు. ఏటా ఎవరో ఒకరికి వజ్రం దొరుకుతుంది, ఆ వార్త పత్రికలలో వస్తుంది. దొరకనివారి పేర్లు ఏ పత్రికలోనూ రావు. వారు పోగొట్టుకున్న కూలిని ఎవరూ లెక్క కట్టరు. ఈ-స్పోర్ట్స్ రంగంలోనూ లెక్క అంతే. ఫేకర్ ఆడే కొరియా అగ్రశ్రేణి పోటీలలో జట్లు పది. జట్టుకు ఐదుగురు చొప్పున యాభై మంది. ఆ యాభై స్థానాల కోసం ఒక దేశపు యువత అంతా ఎదురుచూస్తుంది. “వజ్రం లేదని నేను అనడం లేదు. దొరికేదాకా తిండి ఎట్లా అని అడుగుతున్నాను” అన్నాను వాడితో.

మరొక హెచ్చరిక కూడా చేయవలసి వచ్చింది. తెర మీది ఆటలన్నీ ఒక్క జాతివి కావు. డబ్బు ఒడ్డి ఆడే రమ్మీ, పోకర్ వంటివి ధర్మరాజు ఆటకు వారసులు. వాటిలో జీతాలు, పొలాలు, పుస్తెలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే అలాంటి అంతర్జాల జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పందెపు ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం క్రీడగా గుర్తించింది. పులిజూదానికీ అసలు జూదానికీ ఉన్న గీతను చట్టం ఇన్నాళ్ళకు గీసింది. గీతకు ఏ పక్కన ఉన్నామో చూసుకోవడం ఆటగాని మొదటి బాధ్యత.

మా అన్న అంతవరకు మౌనంగా వింటున్నాడు. అప్పుడు చేను చూపిస్తూ కొడుకుతో అన్నాడు: “బుడ్డల నడుమ కంది సాలు ఎందుకేస్తామో నీకు తెలీదా? బుడ్డలు ఎండిన ఏడు ఆ కందులే కదా మనల్ని ఆదుకుండేది.”

ఆ ఎర్రనేలల పాత తెలివి అది. వేరుశనగ నాలుగు నెలలలోపు పంట. కంది ఆరు నెలల పంట. నడుమ వాన మొండిచేయి చూపి వేరుశనగ పోయినా, వెనుకటి వానకు కంది నిలుస్తుంది. వేరుశనగ వేయవద్దని ఏ రైతూ అనడు. కంది సాలు లేకుండా చేనంతా దానికే అప్పగించడు. చదువు మా వాని చేలో కంది సాలు కావాలని మా అన్న కోరిక. నాకూ ఆ మాట సమంజసంగా తోచింది.

వాడు కొంతసేపు ఆలోచించి, “కంది సాలుకూ నేల కావల్ల కదా నాయనా. ఉండేది ఇరవై నాలుగు గంటలే” అన్నాడు.

దానికి మా ఇద్దరి దగ్గరా సులభమైన జవాబు లేదు. కోనేరు అశోక్ కూతురి కోసం ఉద్యోగం వదిలారు. ఫేకర్ చదువు వదిలాడు. ఏదీ వదలకుండా శిఖరం ఎక్కినవారు తక్కువే. వారు వదిలినది ఏమిటో, దాని వెల ఎంతో తెలిసి వదిలారు. ఫేకర్ వృత్తిలోకి దిగేనాటికే తన దేశపు అగ్రశ్రేణి ఆటగాళ్ళతో సమానంగా ఆడుతున్నాడు. హంపి పదేళ్ళకే ప్రపంచ విజేత. ముందు నేర్పు రుజువైంది, తరువాత త్యాగం జరిగింది. ఆ వరుస తారుమారైతే త్యాగం కాస్తా నష్టమవుతుంది. ఈ మాట వాడికి చెప్పాను. ఇంటర్ పరీక్షలు పూర్తి చేస్తానని, ఆ లోగా రాష్ట్రస్థాయి పోటీలలో తన స్థానమేమిటో తేల్చుకుంటానని వాడు తండ్రికి మాట ఇచ్చాడు. రాత్రి పదకొండు తరువాత ఫోను తల్లి చేతికి ఇస్తాననీ ఒప్పుకున్నాడు. ఆ చివరి నియమం పెట్టింది మా వదిన. మేము చెప్పిన మాటలన్నిటిలోనూ బహుశా అదే వాని కళ్ళకు, చేతులకు ఎక్కువ మేలు చేస్తుంది.

వయస్సు మీరిన ఆటగానికి ఆటలో చివరకు మిగిలేది ఏమిటి? గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2004లో ప్రపంచ జూనియర్ విజేత. 2016లో ప్రపంచపు మొదటి పదిమందిలో చోటు సంపాదించాడు. ప్రపంచ కిరీటం కోసం పోరాడే అవకాశం మాత్రం అతనికి రాలేదు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో పద్ధెనిమిదేళ్ళ గుకేశ్ ప్రపంచ విజేత అయినప్పుడు, తెరవెనుక ఎత్తులు సిద్ధం చేసిన సహాయక బృందంలో హరికృష్ణ ఉన్నాడు. తనకు దక్కని మెట్టు మీద తన తరువాతివాణ్ణి నిలబెట్టడం కూడా ఆటలో ఒక విజయమే. దానికి పతకం ఉండదు.

2025 జులైలో జార్జియా దేశంలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ అంతిమపోటీ జరిగింది. బల్లకు ఒక పక్క ముప్పై ఎనిమిదేళ్ళ హంపి, మరొక పక్క పందొమ్మిదేళ్ళ దివ్యా దేశ్‌ముఖ్. హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి దివ్య ఇంకా పుట్టలేదు. మొదటి రెండు ఆటలూ సమానంగా ముగిశాయి. త్వరితగతి ఆటలలో హంపి ఓడారు. దివ్య తల్లిని కౌగిలించుకుని ఏడ్చింది. హంపి ఓటమిని అంగీకరించి చేయి కలిపారు. ఆమె ఆడకపోయి ఉంటే ఆ పిల్ల గెలుపుకు అంత విలువ ఉండేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ పాటు ప్రపంచస్థాయిలో నిలిచిన ఒకరు ఎదుట కూర్చున్నందువల్లనే, ఆ రోజు గెలిచినవారు ఏమి గెలిచారో లోకానికి తెలిసింది. తరువాత వచ్చేవారి బలాన్ని తూచే రాయిగా నిలవగలిగినంత కాలం ఆటగాని ఆయుర్దాయం తీరినట్లు కాదు.